ఉప్పు, వంటవాడు, తోలుబొమ్మ

పూర్వం సంబంధం చూడ్డానికి వెళ్ళినప్పుడు అబ్బాయి ఉద్యోగమేమిటంటే ఒక్క ముక్కలో తేలిపోయేది. తాలూకా ఆఫీసులో గుమాస్తా. పోర్టులో స్టోర్ కీపరు. పి.ఆర్. కాలేజీలో లెక్చరరు. ఆ ముక్క వినగానే మనిషి పొద్దున్న ఎన్నింటికి భోంచేస్తాడో, క్యారియరు కట్టాలో అక్కర్లేదో, ఆదివారం ఇంటిపట్టున ఉంటాడో ఉండడో కూడా మనకి తెలిసిపోయేది. ఇప్పుడా సుఖం లేదు. మా కోడలు ఏం ఉద్యోగం చేస్తోందని ఎవరైనా అడిగితే నా గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టవుతుంది.

"సాఫ్ట్‌వేరండీ" అని తప్పించుకుందామా అంటే మా రామారావుపేటలో ఎవరూ అంత తేలిగ్గా వదిలిపెట్టరు. ఎదురింటి పిన్నిగారైతే మరీను. ఆవిడ మనవలు ముగ్గురు అమెరికాలో ఉన్నారు కాబట్టి సాఫ్ట్‌వేరులో శాఖలూ ఉపశాఖలూ ఆవిడకి కంఠతా వచ్చు. "కోడింగా, టెస్టింగా?" అంటారు. రెండూ కాదుట అంటాను. "మరి రోజల్లా తలుపేసుక్కూచుని ఏం చేస్తుందమ్మా?" అంటారు.

ఏం చేస్తుందో తెలుసుకుందామని నేనూ ఓ చెవి అటు పడేశాను. తలుపు సందులోంచి వినపడ్డ మాటలు ఇవీ: "షెఫ్ పెట్టిందంతా పప్పెట్ చెరిపేస్తోంది." "ఆ కుక్‌బుక్ పాతది, దాన్ని ముట్టుకోకండి." "నైఫ్ ఎవరి దగ్గరుంది?" "సాల్ట్ ఇప్పట్లో తీసెయ్యలేం." నాలుగు రోజులు విన్నాక నాకు రూఢి అయిపోయింది. ఈ పిల్ల కంప్యూటరు పేరు చెప్పి ఎక్కడో హోటలు నడుపుతోంది! అదీ సుబ్బయ్యగారి హోటలంత పెద్దది. వంటవాడు, వంటల పుస్తకం, కత్తి, ఉప్పు, ఇంకేం కావాలి? మధ్యలో ఈ తోలుబొమ్మ ఎందుకొచ్చిందో మాత్రం బోధపడలేదు.

ఆ సాయంత్రం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అడిగేశాను. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, మా కోడలికి ఆ గుణం లేదు. ఇక్కడి జె.ఎన్.టి.యు.లోనే ఇంజనీరింగు చదివింది. 1946లో పుట్టిన కాలేజీ అది. మా మావగారి తరం నుంచీ ఊళ్ళో తెలివైనవాళ్ళు అక్కడే చదివారు. నవ్వుకుని, రెండు చిక్కుడుకాయలు తనూ చేతిలోకి తీసుకుని, నాకు తెలిసిన మాటల్లోనే చెప్పుకొచ్చింది.

మనం ఫోనులో కరెంటు బిల్లు కట్టినా, రైలు టిక్కెట్టు తీసుకున్నా, ఎక్కడో చల్లటి గదుల్లో వరసగా పేర్చిన యంత్రాలు ఆ పని చేసిపెడతాయి. వాటినే సర్వర్లంటారు. ఒక్కో కంపెనీకి అవి వందలూ వేలూ ఉంటాయి. ప్రతిదాని గడియారం సరిగ్గా ఉండాలి. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఏ తలుపు మూసి ఉంచాలో, ఏ సరుకు ఎంత తాజాది ఉండాలో అన్నిటికీ ఒకేలా తెలిసి ఉండాలి. పూర్వం ఒక మనిషి కూచుని ఒక్కొక్క యంత్రాన్నీ చేత్తో సర్దేవాడుట. ఆ మనిషికి తెలిసిన కిటుకులన్నీ అతని బుర్రలోనే ఉండేవి. అతను సెలవు పెడితే ఆ యంత్రం ఎలా నడుస్తోందో దేవుడికే ఎరుక. అలాంటి యంత్రానికి వాళ్ళు 'స్నోఫ్లేక్' అని పేరు పెట్టారు. అంటే మంచుపలుకు. ఏ రెండూ ఒకలా ఉండవనీ, కరిగిపోతే మళ్ళీ చెయ్యలేమనీ.

కాకినాడలో మంచు ఎక్కడిది చెప్పండి! నాకు మాత్రం వెంటనే మా అత్తయ్యగారి ఆవకాయ జాడీ గుర్తొచ్చింది. ఆవిడకిప్పుడు ఎనభై ఆరు. నేను కాపురానికొచ్చిన కొత్తలో, "ఉప్పు ఎంత వెయ్యమంటారు అత్తయ్యగారూ?" అనడిగితే, "పట్టినంత" అన్నారు. నలభై ఏళ్ళయింది. ఆ 'పట్టినంత' ఎంతో నాకివాళ్టికీ తెలీదు.

సరే, సర్వర్ల సంగతి కొద్దాం. ఈ చేత్తో సర్దే బాధ పడలేక, 1993లో నార్వే దేశంలో ఓస్లో విశ్వవిద్యాలయంలో పనిచేసే మార్క్ బర్జెస్ అనే ఆయన సీఎఫ్ఇంజిన్ అని ఒక పనిముట్టు తయారు చేశాడు. ఆయన చదివింది భౌతికశాస్త్రం. శరీరం తన గాయాన్ని తనే మాన్పుకున్నట్టు యంత్రం తన తప్పు తనే దిద్దుకోవాలన్నది ఆయన ఆలోచన. ఆ దారినే 2005లో లూక్ కేనీస్ అనే అతను పప్పెట్ తెచ్చాడు. 2009లో ఆడమ్ జేకబ్ వాళ్ళు షెఫ్ తెచ్చారు. 2011లో థామస్ హ్యాచ్ సాల్ట్, 2012లో మైకేల్ డిహాన్ ఆన్సిబుల్.

పేర్లు చూడండి ఎంత సరదాగా ఉన్నాయో! షెఫ్ వాళ్ళయితే వంటింటిని దాటి బయటికి రాలేదు. రాసుకున్న పద్ధతికి రెసిపీ అని పేరు, రెసిపీల కట్టకి కుక్‌బుక్, పనిముట్టుకి నైఫ్, సరిచూసుకునే చోటుకి కిచెన్, అందరూ తెచ్చి పెట్టుకునే చోటుకి సూపర్‌మార్కెట్. ఇంత వంటభాష వాడినవాళ్ళు మనల్ని ఒక్క మాట సలహా అడిగి ఉంటే బాగుండేది. ఇక ఆన్సిబుల్ అన్న మాట ఒక రచయిత్రి పుట్టించింది సుమండీ. ఉర్సులా లెగ్విన్ అనే ఆవిడ 1966లో రాసిన నవలలో, నక్షత్రాల అవతల ఉన్నవాళ్ళకి కూడా అక్కడికక్కడే కబురందించే యంత్రం ఒకటుంది. దాని పేరది. కథలు రాసే ఆడవాళ్ళ మాటలు ఎంత దూరం వెళతాయో చూశారా!

పప్పెట్ అనగానే నాకు మాధవపట్నం తోలుబొమ్మలాట కళ్ళముందు ఆడింది. మన ఊరికి దగ్గరే కదా, చిన్నప్పుడు రాత్రంతా కూచుని చూసేవాళ్ళం. తెర వెనకాల మనిషి పుల్లలు కదిపితే ముందు హనుమంతుడు ఎగిరేవాడు. "మీ పప్పెట్టూ అంతేనా?" అంటే, "కొంచెం తిరకాసుంది అత్తయ్యా" అంది. ఇక్కడ బొమ్మే అరగంటకోసారి ఆడించేవాణ్ణి అడుగుతుందిట, "నేనిప్పుడు ఎలా ఉండాలి?" అని. అతను జాబితా పంపిస్తాడు. బొమ్మ తన్ను తాను చూసుకుని, వంకరగా ఉన్నదేదో సరిచేసుకుంటుంది. ఇలాంటి బొమ్మలు ఇంటికి నాలుగుంటే మన బతుకులు బాగుపడును.

ఈ పనిముట్లన్నిటిలో ఒక కీలకం ఉంది. అది నాకు బాగా పట్టుకుంది కాబట్టి మీకూ చెబుతాను. పని చెప్పడం వేరు, స్థితి చెప్పడం వేరు. "బిందెలో నీళ్ళు పొయ్యి" అన్నది పని. "బిందె నిండుగా ఉండాలి" అన్నది స్థితి. మొదటిది ఇద్దరు పిల్లలకి చెప్పామనుకోండి, ఒకడి తరవాత ఒకడు పోసి వంటిల్లంతా కాలవ చేస్తారు. రెండోది ఇద్దరికి కాదు, ఇరవైమందికి చెప్పినా ఫరవాలేదు. ప్రతివాడూ ముందు బిందెలోకి తొంగి చూస్తాడు. నిండి ఉంటే పక్కకి తప్పుకుంటాడు. ఎన్నిసార్లు చేసినా ఒక్కసారి చేసినట్టే ఉండటం. దీన్ని ఐడెంపొటెన్స్ అంటారుట. పేరు నోరు తిరగదు గానీ సంగతి మనకి కొత్తది కాదు. మడి కట్టుకున్నవాళ్ళు వంటింట్లో ఉన్నారో లేదో చూడకుండా లోపల అడుగు పెట్టే కోడలు మన తరంలో ఎవరైనా ఉందా?

మరి అందరూ ఒకే పనిముట్టు పట్టుకుంటే గొడవ ఉండదు కదా! అక్కడే చిక్కు వచ్చింది. మా కోడలు పనిచేసే కంపెనీ ఇంకో కంపెనీని కొనుక్కుంది. వీళ్ళింట్లో పప్పెట్, వాళ్ళింట్లో షెఫ్, అక్కడే ఓ మూల సాల్ట్. కొత్తగా చేరిన కుర్రాళ్ళందరికీ ఆన్సిబులే తెలుసు. ఇది పెళ్ళి కాదు, రెండు ఉమ్మడి కుటుంబాల్ని ఒక పెంకుటింట్లోకి తెచ్చి పడెయ్యడం. పైవాళ్ళు, "అన్నీ కలిపి ఒకటి చేసెయ్యండి, ఆర్నెల్లు గడువు" అన్నారుట. పైవాళ్ళకేం, ఏమైనా అంటారు. పదేళ్ళుగా పోగేసిన వందల రెసిపీలు మళ్ళీ రాయాలంటే, పొయ్యి మీద ఉడుకుతున్న అన్నాన్ని దింపకుండా గిన్నె మార్చడం లాంటిది.

అసలు ఈ పనిముట్లకే ఇళ్ళు నిలకడగా లేవు. ఆన్సిబుల్‌ని 2015లో రెడ్ హ్యాట్ కొంది. షెఫ్‌ని 2020లో ప్రోగ్రెస్ అనే కంపెనీ కొంది. సాల్ట్‌ని అదే ఏడు వీఎంవేర్ కొంటే, ఆ వీఎంవేర్‌ని 2023లో బ్రాడ్‌కామ్ కొంది. పప్పెట్ 2022లో పర్‌ఫోర్స్ చేతికి వెళ్ళింది. తరవాత పద్ధతులు నచ్చక వాడేవాళ్ళే కొందరు 2025లో ఓపెన్‌వాక్స్ అని వేరుకుంపటి పెట్టుకున్నారు. అంచేత ఇవాళ ఒకదాన్ని నమ్ముకుని మిగతావన్నీ పారేస్తే, రేపు ఆ ఒక్కటీ ఎవరి ఇంటిపేరు పెట్టుకుంటుందో తెలీదు. "అన్నీ ఒకటి చెయ్యక్కర్లేదు. ఒకదానితో ఒకటి పోట్లాడకుండా ఉంటే చాలు" అన్నది మా కోడలి వాదన.

పోట్లాట అంటే ఎలా ఉంటుందో కూడా చెప్పింది. గడియారం ఎవర్ని చూసి సరిపెట్టుకోవాలో రాసి ఉండే చిన్న కాగితం ఒకటి ప్రతి సర్వర్లోనూ ఉంటుంది. పప్పెట్ ఆ కాగితంలో ఒక పేరు రాసింది. రాత్రి ఆన్సిబుల్ వచ్చి, "ఇది తప్పు" అని తన జాబితాలో ఉన్న పేరు రాసిపోయింది. అరగంటకి పప్పెట్ లేచి చూసుకుని, "అయ్యో, ఎవరో పాడుచేశారు" అని మళ్ళీ పాత పేరు రాసింది. మర్నాటి రాత్రి మళ్ళీ ఇదే తంతు. మార్చినప్పుడల్లా గడియారం ఆపి తిప్పడమే. నెల రోజులు ఎవరికీ తెలియలేదు. ఎంచేతంటే ఇద్దరి రికార్డుల్లోనూ "సరిచేశాను" అనే ఉంది!

ఈ మాట విని నేను నవ్వాను. కానీ ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు.

మా అత్తయ్యగారికి బీపీ ఉంది, షుగరుంది. రెండేళ్ళుగా మతిమరుపు కూడా తోడైంది. పాత సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెబుతారు గానీ, పొద్దున్న తిన్న ఇడ్లీ మధ్యాహ్నానికి గుర్తుండదు. రాత్రిపూట తోడుకి ఒక ఆయమ్మ వస్తుంది. జగన్నాథపురం నుంచి మా వదినగారు, అంటే మావారి అక్కగారు, వీలైనప్పుడల్లా వచ్చి తల్లి పక్కన కూచుంటారు. మిగతా వేళల్లో నేను. ముగ్గురం ప్రాణం పెట్టే చూస్తాం. ముగ్గురి దగ్గరా మూడు మందుల చీటీలు. ఆయమ్మది డాక్టరుగారు రాసిచ్చిన కాగితం. వదినగారిది తన చేత్తో డైరీలో ఎక్కించుకున్నది. నాది క్యాలెండరు వెనకాల.

నేను పెద్దాపురం పెళ్ళికెళ్ళిన రోజు. ఆయమ్మ ఏడింటికి వెళ్ళిపోతూ కాగితంలో ఉన్న ప్రకారం టిఫినుకి ముందు షుగరు మాత్ర వేసి వెళ్ళింది. ఏడున్నరకి వదినగారొచ్చారు. "మాత్ర వేసుకున్నావా అమ్మా?" అంటే, "ఎవరూ వెయ్యలేదే" అన్నారావిడ అమాయకంగా. వదినగారు డైరీ చూసి వేశారు. అత్తయ్యగారు రెండు చెంచాల ఉప్మా తిని చాలన్నారు. తొమ్మిదయ్యేసరికి ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. అదృష్టం బాగుండి మా కోడలు కాఫీకని గదిలోంచి బయటికొచ్చింది. వేలు పొడిచి షుగరు చూస్తే పడిపోయి ఉంది. వెంటనే పంచదార నీళ్ళు పట్టించి, డాక్టరుగారికి ఫోను చేసి, ఆయన చెప్పినట్టల్లా చేసింది. సాయంత్రానికి మనిషి తేరుకున్నారు.

రాత్రి నేనొచ్చేసరికి వదినగారు ఒక మూల కూచుని ఏడుస్తున్నారు. ఆయమ్మ గుమ్మంలో నిలబడి, "నేను కాయితం సూసే ఏశానమ్మగారూ, ఒట్టు" అంటోంది. ఆవిడ అన్నదీ నిజమే, ఈవిడ చేసిందీ నిజమే. ఎవరి చీటీ ప్రకారం వాళ్ళు తప్పు చెయ్యలేదు. ఇద్దరి పుస్తకాల్లోనూ "మాత్ర వేశాను" అనే ఉంది. ఒక్క మనిషి ఒంట్లో మాత్రం రెండు మాత్రలున్నాయి.

మా కోడలు ఎవర్నీ ఒక్క మాట అనలేదు. "ఇది మా ఆఫీసు గొడవే అత్తయ్యా" అంది నెమ్మదిగా. తప్పు మనుషుల్లో లేనప్పుడు మనుషుల్ని తిట్టి లాభం లేదు. అతుకులో ఉంది తప్పు.

ఆ నెలంతా తను ఆఫీసులో చేసిన పనీ, ఇంట్లో చేసిన పనీ ఒకటే. మొదటి నియమం: ఒక వస్తువుకి ఒకే యజమాని. సర్వర్లలో మనుషుల ఖాతాలూ, గడియారం, తాళాలూ తలుపులూ, ఈ పునాది పనంతా పప్పెట్‌ది. వాళ్ళింటి పాత కార్యక్రమాలు వాటి ఆయుష్షు తీరేదాకా షెఫ్ చేతిలోనే. సాల్ట్ చూసే కొద్ది యంత్రాలూ మెల్లిగా పప్పెట్ కిందికి వస్తాయి. అన్నిటినీ ఒక వరసలో నడిపించే పెత్తనం ఆన్సిబుల్‌ది. కొత్త సరుకు ఎక్కించే రోజున ఆన్సిబుల్ ముందు పప్పెట్‌ని, "కాస్సేపు కళ్ళు మూసుకో, ఇదీ కారణం" అని చీటీ రాసి ఆపుతుంది. పని కానిచ్చి, మళ్ళీ లేపి, "ఇప్పుడు నీ లెక్క చూసుకో" అంటుంది. ఒకరి పని ఒకరు చెరపరు. చెరపాల్సొస్తే అడిగి చెరుపుతారు.

రెండోది: తప్పనిసరై ఇద్దరూ ఒకే అలమర వాడాల్సొస్తే, ఒకే డబ్బాలో చెయ్యి పెట్టకూడదు. ఒకే కాగితం మీద ఇద్దరూ రాసే బదులు ఒక సంచీలో ఎవరి కాగితం వాళ్ళు పెట్టుకుంటే, చదువుకునే యంత్రం అన్నీ కలిపి చదువుకుంటుంది. తోటికోడళ్ళున్న ఇంట్లో పుట్టిన మనకి ఇది వేరే చెప్పాలా? నా కాఫీపొడి డబ్బా నాది, నీది నీది. అలమర మాత్రం అందరిదీ.

మూడోది: ఏ యంత్రం ఏ పనికి ఉందో తెలిపే జాబితా ఒక్కచోటే ఉండాలి. అందరూ అక్కడినుంచే చదువుకోవాలి. ఎవరూ సొంత నకలు రాసుకోకూడదు. నాలుగోది: చేసే ముందు ఉత్తినే చేసి చూడాలి. పప్పెట్‌కీ ఆన్సిబుల్‌కీ కూడా ఆ సదుపాయం ఉందిట. "నిజంగా చెయ్యకు, చేస్తే ఏం మారుతుందో చెప్పు" అంటే చెబుతాయి. మన మగవాళ్ళకి కూడా ఇలాంటి మీట ఒకటుంటే ఎంత బాగుండును! అయిదోది: తాళంచెవులూ రహస్యాలూ జాబితాలో పచ్చిగా రాయకుండా విడిగా తాళమేసి పెట్టుకోవాలి. ఇంటిగుట్టు లంకకి చేటని మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు.

ఎవరు వెళ్ళి అడగాలి, ఎవరు తెచ్చి ఇవ్వాలన్నది కూడా తేల్చుకోవాల్సిన సంగతేట. పప్పెట్ బొమ్మలు తామే వెళ్ళి అడుగుతాయి. ఆన్సిబుల్ తనే గుమ్మంలోకొచ్చి ఇచ్చి పోతుంది. ఆ యంత్రంలో తన తరఫున మనిషి నెవరినీ కాపలా పెట్టదు. మన రేషను చూడండి. 2021 నుంచి బండి వీధిలోకే వచ్చేది. 2025 జూన్ నుంచి మళ్ళీ మనమే షాపుకి వెళ్ళాలన్నారు; అరవై అయిదు దాటినవాళ్ళకీ, దివ్యాంగులకీ మాత్రం ఇంటికే ఇవ్వాలన్నారు. రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉండొచ్చు. ఎవరికి ఏదో ముందే తేలాలి, అంతే. తేలకపోతే ఒకరికి రెండుసార్లు అందుతుంది, ఇంకొకరికి అసలే అందదు.

ఇంట్లో ఏం చేసిందంటారా? వదినగారి చీటీ, నా చీటీ చింపేసింది. డాక్టరుగారి కాగితం ఒక్కటే ఫ్రిజ్‌కి అంటించింది. మెయిన్ రోడ్డులో మందుల షాపు నుంచి ఇరవై ఎనిమిది గళ్ళ డబ్బా ఒకటి తెచ్చింది. ఏడు రోజులు, రోజుకి నాలుగు పూటలు. ఆదివారం పొద్దున్న దాన్ని నింపే హక్కు వదినగారొక్కరిదే. ఇంకెవరూ మాత్రల అట్ట ముట్టుకోకూడదు. మిగతావాళ్ళకి "మాత్ర వెయ్యి" అనే పని లేదు. "ఈ పూట గడి ఖాళీగా ఉండాలి" అన్నదే లెక్క. వచ్చినవాళ్ళు ముందు గడి చూడాలి. నిండి ఉంటే అత్తయ్యగారి చేత వేయించాలి, ఖాళీగా ఉంటే చేతులు కట్టుకోవాలి. ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవరి జ్ఞాపకాన్నీ నమ్మక్కర్లేదు. తల్లికి అపకారం చేశానని కుమిలిపోతున్న వదినగారికి ఆ డబ్బా నింపే పని అప్పగించడంలో మా కోడలి తెలివెంతో, మనసెంతో నాకప్పుడు తెలిసింది. వేరెవరైనా అయితే ముందు ఆవిడనే దూరం పెట్టేవారు.

కానీ ఒక ముల్లు మిగిలిపోయింది. మూడో రోజున అత్తయ్యగారు, "వెయ్యలేదే, నే చెబుతున్నాగా" అన్నారు. ఆయమ్మ డబ్బా వంక చూసి, "ఏసుకున్నారండి, గడి కాళీగా ఉంది" అంది. పెద్దావిడ మొహం చిన్నబోయింది. యాభై ఏళ్ళు ఆ ఇంట్లో ఆవిడ మాటే శాసనం. ఇవాళ ఆవిడ మాట కన్న ప్లాస్టిక్ డబ్బా మాటకి విలువెక్కువైంది. ఎంత మంచికైనా సరే, ఆ మొహం చూసినవాళ్ళకి అన్నం సహించదు.

సర్వర్లకి అభిమానం ఉండదు. జాబితా మార్చేస్తే మారిపోతాయి. మనుషులతో అలా కుదరదు. ఇది ఆఫీసులో ఎవరూ నేర్పని పాఠం. మా కోడలు రెండు రోజులు ఆలోచించి డబ్బాని ఆవిడ మంచం పక్క బల్ల మీదికి మార్చింది. గడి మూత తెరిచేది ఆవిడే, మాత్ర తీసుకునేది ఆవిడే, మూత వేసేది ఆవిడే. పక్కనున్న మనిషి చూస్తుందంతే. ఇప్పుడు ఎవరైనా వెళ్ళి అడిగితే ఆవిడ జవాబు చెప్పరు. దర్జాగా మూత తీసి చూపిస్తారు. "చూసుకోండి" అంటారు. మాట పోయిన చోట పెత్తనం మిగిలింది. మనిషికి అది చాలు.

అన్నీ ఇలా గళ్ళలో ఇముడుతాయని నేననను. మొన్న వేసవిలో మా కోడలికి ఆవకాయ మీద కూడా కన్ను పడింది. 'పట్టినంత' సంగతి ఎలాగైనా తేల్చి రాసిపెట్టాలని, అత్తయ్యగారి గుప్పిట్లో ఉప్పు పోయించి కాటా మీద తూచింది. మొదటి గుప్పెడు ఒక తూకం, రెండోది ఇంకో తూకం, మూడోది మరొకటి. "ఏమిటి మామ్మగారూ, ఒక్కసారీ కలవదేం?" అంటే, ఆవిడ మామిడిముక్క ఒకటి నోట్లో వేసుకుని, "పులుపు చూసి కదే వేసేది! ముక్క చూడకుండా లెక్క చూస్తే ఎలా?" అన్నారు. పొద్దున్న తిన్నది గుర్తులేని మనిషి! చెయ్యి మాత్రం ఏమీ మరిచిపోలేదు.

ముందు తొంగి చూడు, తరవాత చెయ్యి పెట్టు. ఈ ఒక్క ముక్క కోసం ఓస్లోలో ఒకాయన 1993లో అంత శ్రమపడ్డాడు. మా అత్తయ్యగారు అంతకు చాలా ముందునుంచే అదే చేస్తున్నారు. కాకపోతే ఎక్కడా రాసిపెట్టలేదు. రాయగలిగింది రాసుకోవాలి. రాయలేనిదాన్ని ఆ చెయ్యి ఉన్నన్నాళ్ళూ ఆ చేతికే వదిలి, పక్కన కూచుని చూస్తూ నేర్చుకోవాలి. మా కోడలు అదే చేసింది. ఆఫీసులో కూడా పాత యంత్రాలు రెండింటిని ఏ పనిముట్టుకీ అప్పగించకుండా, వాటిని పెంచిన ముసలాయన రిటైరయ్యేదాకా ఆయనకే ఉంచి, రోజూ ఒక గంట ఆయన పక్కన కూచుంటోందిట.

మా ఎదురింటి పిన్నిగారికి ఇప్పుడు నేను ధైర్యంగా జవాబు చెబుతున్నాను. "మా కోడలు పెద్ద ఉమ్మడి కుటుంబానికి పెత్తనం చేస్తోందండీ. ఎవరి డబ్బాలో ఎవరూ చెయ్యి పెట్టకుండా చూడటం ఆవిడ ఉద్యోగం" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "జీతం కూడా ఇస్తారా దానికి?" అన్నారు. ఇస్తారు, బాగానే ఇస్తారు. ఆ పనే మనం జీవితమంతా చేశాం, ఒక్క పైసా ఎవరూ ఇవ్వలేదు.

ఈ ఏటి ఆవకాయ జాడీకి మా కోడలు ఒక చీటీ అంటించింది. ముక్కలు ఇన్ని కిలోలు, కారం ఇంత, ఆవపిండి ఇంత, నూనె ఇంత అని అన్నీ గ్రాములతో సహా రాసి ఉంది. ఉప్పు దగ్గర మాత్రం అంకె లేదు. "ఉప్పు: మామ్మగారు" అని ఉంది.